చాలినంత దూది

జూన్ 3, సోమవారం

ముందుగా ఒక మాట. నా దస్తూరి బాగుండదు. అయిదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఏ అక్షరానికి ఒత్తు పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటే ఏమీ అనుకోవద్దు. ఎవరికి చెబుతున్నానో నాకే తెలియదు. కొత్తవాళ్ళ ముందు కూర్చున్నట్టు ఈ కాగితం ముందు కూడా సిగ్గుగా ఉంది.

మాది పరుపులు కుట్టే ఇల్లు. దారాల షాపు వాళ్ళు ఏటా మాకొక డైరీ ఇస్తారు. ఈ ఏడాది దాన్ని నా ఆడపడుచు తెచ్చి నా పక్క మీద పడేసింది. ఆ పిల్ల నోరు మూతపడదు కాబట్టి ఇంట్లో అందరూ టపాకాయ అంటారు.

"వదినా, నువ్వు మాతో మాట్లాడవు. దీంతోనైనా మాట్లాడు. ఇది ఎదురు చెప్పదు, మా అమ్మలాగా."

ఏం రాయాలి. బిడ్డ పుట్టి పోయింది. కాదు, పోయి పుట్టింది. ఎనిమిదో నెల. ఆడపిల్ల. అప్పుడు నేను మత్తులో ఉన్నాను. కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. అత్తయ్య, ఆయన వెళ్ళి పని పూర్తి చేసుకుని వచ్చేశారు. ఆయన చెప్పులకి ఎర్రమట్టి ఉంది.

నేను బాగానే ఉన్నాను.

జూన్ 4, మంగళవారం

పడుకున్నాను.

జూన్ 5, బుధవారం

పడుకున్నాను. పక్క గదిలో దూది ఏకే మిషన్ తిరుగుతోంది. తిరుగుతున్నంతసేపూ బాగుంటుంది. భోజనాలకి ఆపేస్తారు. అప్పుడు బాగుండదు.

జూన్ 7, శుక్రవారం

అత్తయ్య వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఆవిడ కూర్చోవడం అరుదు. కూర్చున్నా చేతులు ఊరుకోవు, దుప్పటికి అంటిన దూది పీకుతూ ఉంటాయి.

"హాస్టల్ ఆర్డర్ వచ్చిందమ్మాయ్. ఒక అంతస్తు మొత్తానికి. పదిహేడో తేదీకల్లా ఇవ్వాలట."

"ఊఁ."

"నిన్ను లెమ్మనడం లేదు. పడుకోవాలనుంటే పడుకో, ఎవరూ ఏమీ అనరు. కానీ ఒక మాట చెప్తాను విను. మీ ఆయనకి ముందు నాకు ఇద్దరు పుట్టి పోయారు. మూడో రోజుకల్లా దబ్బనం పట్టుకున్నాను. చేతిలో పనుంటే బుర్రలోకి ఏదీ రాదు."

"వస్తాను అత్తయ్యా."

"ఇప్పుడే కాదులే. ఒక వారం పోనీ."

"ఇప్పుడే వస్తాను."

ఆవిడ నా మొహంలోకి చూశారు. మొహంలో ఏం కనపడిందో తెలియదు. "సరే, జడ వేసుకుని రా. దూదంతా నెత్తికెక్కుతుంది," అన్నారు.

రక్తం ఇంకా పోతూనే ఉంది. కొన్నాళ్ళు పోతుందని ఆస్పత్రిలో నర్సు చెప్పింది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో అడగడానికి సిగ్గేసింది.

జూన్ 8, శనివారం

నా పని ముడులు వేయడం. టపాకాయ మిషన్ మీద కవరు కుడుతుంది. ఆయన అందులో దూది పరిచి, కర్రతో కొట్టి సమం చేసి మూతి కుట్టేస్తారు. అప్పుడు పరుపు మా దగ్గరికి వస్తుంది. ఒక పక్క అత్తయ్య, ఒక పక్క నేను. పొడుగాటి దబ్బనం పైనుంచి కిందికి దింపాలి, కింద నుంచి పైకి తీయాలి, దారం లాగి ముడి వేయాలి. అలా వరసగా వేసుకుంటూ పోవాలి. లేకపోతే ఎవరైనా పడుకోగానే లోపల దూది ఒక మూలకి పారిపోతుంది.

ఎంత లాగాలన్నది చెప్పి నేర్పేది కాదు. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య నా చేతి మీద చెయ్యి వేసి లాగించారు. దూది ఇక చాలంటుంది, అక్కడ ఆగాలి అన్నారు. నాకు ఏమీ వినపడలేదు. తర్వాత్తర్వాత వినపడింది.

ఈ రోజు చాలా వేశాను. వేలు కోసుకుంది. నొప్పి లేదు.

జూన్ 10, సోమవారం

పని.

జూన్ 11, మంగళవారం

పని. బాగానే ఉంది.

జూన్ 12, బుధవారం

ఆయన దూది పరుస్తుంటే పక్కన నిలబడ్డాను. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేనూ అంతే. మా ఇద్దరిదీ మూగసైగల కాపురమని టపాకాయ వెక్కిరిస్తుంది.

"ఇంకొంచెం వేయండి," అన్నాను.

"చాలదూ?"

"మధ్యలో ఖాళీగా ఉంది."

ఆయన మోచెయ్యి దాకా లోపల పెట్టి వెతికారు. "ఎక్కడ? ఖాళీ లేదే."

"ఉంది."

ఆయన నావైపు చూసి ఇంకో గంపెడు వేశారు. తర్వాతి పరుపుకి కూడా అడిగాను. వేశారు. ఆ తర్వాత నేను అడగకుండానే వేస్తున్నారు.

జూన్ 14, శుక్రవారం

టపాకాయ మిషన్ ఆపి నన్నే చూస్తోంది.

"వదినా, అద్దంలో మొహం చూసుకున్నావా? పిండిముద్దలా తెల్లగా అయిపోయావు."

"దూది పడింది."

"మాకూ పడింది. మేం పిండిముద్దల్లా లేం. అమ్మా, చూడవే!"

అత్తయ్య దబ్బనం పళ్ళ మధ్య పెట్టుకునే మాట్లాడారు. "కాసేపు నడుం వాల్చమ్మాయ్."

"ఈ వరస అయ్యాక."

"పొద్దున కూడా ఇదే మాట అన్నావు."

"అది వేరే వరస అత్తయ్యా."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆయన నవ్వి చాలా రోజులైంది. నేను తమాషాకి అనలేదు. అది నిజంగానే వేరే వరస.

నడుం వాల్చలేదు. వాలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఏమీ అవదు. కప్పు కనపడుతుంది, అంతే. కప్పు మీద చెమ్మ మరక ఉంది, దానికేసి చూస్తూ ఉండాలి. మరక ఎటూ కదలదు.

జూన్ 15, శనివారం

ఎక్కువైంది. లేవగానే పక్క రక్తంతో తడిసి ఉంది. ఎవరూ లేవకముందే అంతా ఉతికేసి పెరటి గోడ అవతలి వైపు ఆరేశాను. ముదురు రంగు బట్టలే వేసుకుంటున్నాను. సబ్బు తొందరగా అరిగిపోతోంది.

లేచి నిలబడితే గది ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ తెల్లబడుతుంది. కూర్చుని పని చేస్తే ఆ బాధ లేదు.

చెబుదామని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఏమిటి?" అన్నారు.

"దారం అయిపోవచ్చింది," అన్నాను.

సాయంత్రం దారం తెచ్చారు. ఇప్పుడు ఇంట్లో దారం చాలా ఉంది.

జూన్ 16, ఆదివారం

పని. కొంచెం నీరసం, అంతే. పని ఎక్కువైతే ఎవరికైనా ఉంటుంది.

జూన్ 17, సోమవారం

పరుపులన్నీ వెళ్ళిపోయాయి. ట్రాలీ ఆటోలో పైకంటా పేర్చి తాళ్ళు కట్టారు. ఆయన వెనక నిలబడి ఒక చేత్తో పట్టుకున్నారు, పెద్ద జంతువుని పట్టుకున్నట్టు.

ఖాళీ గదిలో మాటలు గట్టిగా వినిపించాయి. అత్తయ్య కాళ్ళు బారచాపి గోడకి చేరబడ్డారు.

"రేపు ఎవరైనా దబ్బనం ముట్టుకున్నారంటే దానితోనే గుచ్చుతాను. అందరూ పడుకోండి."

"ఎక్కడ పడుకోవాలి?" అంది టపాకాయ. "లోకానికంతా పరుపులు కుట్టి మనం మాత్రం గోనెపట్టా లాంటి దాని మీద. కొత్తదొక్కటి ఉంచుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"అమ్మే సరుకు మీద వెన్ను ఆనించకూడదు. మీ నాన్న ఉన్నప్పటి నుంచి అంతే. ఒక్కసారి మెత్తదనం అలవాటైతే మళ్ళీ నేల మీద కూర్చుని కుట్టగలవా నువ్వు?"

"నేనెప్పుడు నేల మీద కూర్చున్నాను? నాది మిషన్."

"అందుకే నీకింత నోరు."

జూన్ 18, మంగళవారం

సెలవు. అందరూ నిద్రపోయారు, పట్టపగలు కూడా. ఇల్లంతా గురకలు. మిషన్ లేదు.

పడుకున్నాను. పాలు వచ్చాయి. ఇక రావని అనుకున్నాను. రవిక తడిసింది. లేచి మార్చుకున్నాను. తర్వాత గది ఊడ్చాను. తర్వాత మా పాత పరుపు విప్పి దూది దులిపి మళ్ళీ కూరాను. ముడులు వేస్తుంటే ఆయన లేచి వచ్చారు.

"సెలవు కదా."

"ఊరికే."

గుమ్మంలో కాసేపు నిలబడ్డారు. ఏదో అంటారనుకున్నాను. నేను అననిదేదో ఆయన అంటే బాగుండును అనుకున్నాను. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

జూన్ 21, శుక్రవారం

పరుపులు వెనక్కి వచ్చాయి.

హాస్టల్ మేనేజర్ కూడా ట్రాలీతో పాటే వచ్చాడు. లావుపాటి మనిషి. గుమ్మంలోనే నిలబడి ఒక పరుపు దింపించి దాని మీద పిడికిలితో కొట్టాడు. తలుపు కొట్టిన శబ్దం వచ్చింది.

"ఏమండీ, ఇవి పరుపులా, బల్లలా? పిల్లలు వీటిని తీసి గోడకి ఆనించి నేల మీద పడుకుంటున్నారు. నేలే మెత్తగా ఉందట! మా వాచ్‌మన్ ఒకటి తీసుకెళ్ళి దాని మీద బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. బాగా కుదిరిందట."

టపాకాయకి నవ్వొచ్చింది. కొంగు లేక చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అత్తయ్య వంగి అరచేయి ఆనించి చూశారు. ఒక ముడి పట్టుకుని చూశారు. ఇంకొకటి చూశారు. దారం కవరులోకి కోసుకుపోయి ఉంది, కొన్ని చోట్ల గుడ్డ చిరిగింది. ఏ ముడి ఎవరిదో మా ఇంట్లో చీకట్లో తడిమినా చెప్పేయగలం. అత్తయ్యవి కుడికి వాలతాయి. నావి నిలువుగా ఉంటాయి. పాడైనవన్నీ నిలువువే.

 అవి నావేనని చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

"నా చెయ్యే బాబూ," అన్నారు అత్తయ్య. "వయసు మీద పడింది, బిగువు తెలియడం లేదు. అన్నీ విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాం. మీరు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు."

"ఎప్పుడు ఇస్తారు? పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు."

"పది రోజుల్లో."

"వారం."

"వారమంటే మళ్ళీ బల్లలే వస్తాయి. మీ ఇష్టం."

మేనేజర్ తల గోక్కుని పది రోజులకి ఒప్పుకున్నాడు.

అతను వెళ్ళాక ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

జూన్ 22, శనివారం

ముడులు విప్పుతున్నాం. నేను వేసినవి కత్తెర మొనకి లొంగడం లేదు. దూది గట్టిపడి ఉండలు కట్టింది. ఇంత దూది ఒక్క పరుపులో ఎలా పట్టిందో నాకే తెలియదు. అత్తయ్య ఉండలు విప్పుతూ, "పాపం, ఊపిరాడనివ్వలేదే దీన్ని," అన్నారు. దూదితోనే అన్నారు.

తప్పు మీ చేతిదని ఎందుకు చెప్పారు అని అడగాలనుకున్నాను. అడగలేదు.

అందరికంటే నేనే ఎక్కువ విప్పాను.

జూన్ 25, మంగళవారం

ఆస్పత్రిలో ఉన్నాను. టపాకాయ డైరీ తెచ్చింది. చదవలేదని ప్రమాణం చేసింది. చదివినా ఫరవాలేదు, దానికి నా అక్షరాలు అర్థం కావు.

ఆదివారం మధ్యాహ్నం విప్పిన కవర్ల మీద కూర్చుని పని చేస్తున్నాను. కత్తెర అందుకుందామని లేచాను. గది నల్లబడింది. ఈసారి తెల్లబడలేదు.

కింద పడ్డానట. కూర్చున్న చోట కవరు మీద రక్తం, పెద్దగా, అడుగు గుడ్డ దాకా దిగిపోయింది. అది చూసి టపాకాయ, "అయ్యో, కొత్త కవరు!" అని అరిచిందట. ఇప్పుడు ఆ మాట తలుచుకుని ఏడుస్తోంది.

"కవరు గురించి అరిచానేంటి వదినా? నేనసలు మనిషినేనా?"

"నేను లేచి ఉంటే నేనూ అదే అనేదాన్ని," అన్నాను. నిజమే.

ఆయన నన్ను ఎత్తుకుని వీధి చివరిదాకా పరిగెత్తారట, ఆటో వచ్చేదాకా ఆగకుండా.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూస్తూ అడిగింది. "రక్తం ఇలా ఎప్పటి నుంచి పోతోంది?"

"నిన్నటి నుంచి," అన్నాను.

"నిన్నటి నుంచి కాదు డాక్టరమ్మా." అత్తయ్య గొంతు. తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "కాన్పు అయినప్పటి నుంచీ పోతూనే ఉంది. ఆగలేదు. వారం పది రోజులుగా మరీ ఎక్కువైంది. సబ్బు అరగడం చూశాను. గోడవతల బట్టలు చూశాను."

"చూసి ఏం చేశారు?"

అత్తయ్య కొంగుకి అంటిన దూది పీకడం మొదలుపెట్టారు. 

లోపల మాయలో చిన్న ముక్క ఉండిపోయిందట. తీసేశారు. రక్తం ఎక్కించారు. ఇంకా ఆలస్యమై ఉంటే నన్ను బతికించడం తన వల్ల అయ్యేది కాదని డాక్టరమ్మ చెప్పింది. నాతో చెప్పలేదు, ఆయనతో చెప్పింది. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను.

ఇక్కడి పరుపు రెక్సిన్‌ది. ముడులు లేవు.

జూన్ 27, గురువారం

ఇంటికి వచ్చాను. నా గదిలో కొత్త పరుపు పరిచి ఉంది. హాస్టల్ వాళ్ళ పరుపుల్లో ఒకటి, విప్పి మళ్ళీ కుట్టినది. ముడులన్నీ కుడికి వాలి ఉన్నాయి.

"ఇది అమ్మే సరుకు కదా అత్తయ్యా," అన్నాను.

"పడుకో."

"ఒకటి తక్కువైతే వాళ్ళు—"

"పడుకోమన్నానా? ఇంకోటి కుట్టుకుంటాం. చేతులేం పడిపోలేదు."

టపాకాయ గుమ్మంలోంచి తొంగి చూసి, "నేనూ రేపటి నుంచి కళ్ళు తిరిగి పడిపోతాను," అంది. అత్తయ్య చెప్పు కోసం వెతికారు. ఆ పిల్ల మాయమైంది.

పడుకున్నాను. మెత్తగా ఉంది. మెత్తగా ఉంటే ఎందుకో భయం వేసింది. పట్టుకోవడానికి ఏమీ లేనట్టు.

జూన్ 29, శనివారం

రాయడం కుదరదేమో అనుకున్నాను. రాస్తాను.

మధ్యాహ్నం అత్తయ్య నా గదిలోకి దూది గంప తెచ్చుకుని కూర్చున్నారు. ఉండలు విప్పుతున్నారు. నేను కప్పు వైపు చూస్తున్నాను. పక్క గదిలో మిషన్ తిరుగుతోంది, తర్వాత ఆగింది. ఆగినప్పుడు అడిగాను. అడగాలని అనుకోలేదు.

"ఎలా ఉంది అత్తయ్యా?"

ఎవరు అని ఆవిడ అడగలేదు. చేతులు మాత్రం ఆగాయి.

"జుట్టు చాలా ఉంది," అన్నారు. "తడిసి నుదుటికి అంటుకుని ఉంది. గోళ్ళు వచ్చేశాయి, బియ్యపు నూకల్లా. చెవులు వీడివే, ఇలా బయటికి నిక్కి ఉన్నాయి. పై పెదవి నీది. మొహం చిట్లించుకుని ఉంది. మంచి పని మధ్యలో ఎవరో పిలిచినట్టు."

నేను నా పై పెదవి తడుముకున్నాను.

"నర్సు గుడ్డలో చుట్టి ఇచ్చింది. నేనే పట్టుకున్నాను, దారంతా. వాడు ఇమ్మన్నాడు, నేను ఇవ్వలేదు. చివర్లో ఇచ్చాను. బరువుంది. చిన్న పిల్ల కదా అనుకున్నాను, బరువుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పకపోతే మరచిపోతావని." దూది చేతిలో నలుపుతున్నారు. "నా ఇద్దర్నీ నాకు చూపించలేదు. ఎలా ఉన్నారో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మూడో రోజు పనిలోకి వెళ్ళానని నీకు గొప్పగా చెప్పాను కదా. ఏమీ మరచిపోలేదమ్మాయ్. పని బాగా వచ్చింది, అంతే."

తర్వాత ఆవిడ ఏడ్చారు. చప్పుడు లేదు. భుజాలు మాత్రం కదిలాయి. దూది గంపలోకి మొహం వంచేశారు. ఎత్తినప్పుడు కనుబొమలకీ, ముక్కుకీ, తడి ఉన్న చోటల్లా దూది అంటుకుని ఉంది. నేను లేవకుండా చెయ్యి చాపి ఒక్కొక్కటీ తీశాను. ఆవిడ తీయనిచ్చారు.

నాకు ఏడుపు రాలేదు. నిద్ర వచ్చింది. చెవులు నిక్కి ఉన్నాయి, చెవులు నిక్కి ఉన్నాయి అనుకుంటూ నిద్రపోయాను. లేచేసరికి దీపాలు పెట్టేశారు.

జూన్ 30, ఆదివారం

నిద్రపోయాను.

జూలై 1, సోమవారం

హాస్టల్ పరుపులు ఈ రోజు ఇవ్వాలి, ఇంకా కొన్ని మిగిలాయి. పొద్దున్నుంచి హడావుడి. ముడులు వేయడానికి నా చోట టపాకాయ కూర్చుంది. ఒక్క గంటలో దబ్బనం రెండుసార్లు గుచ్చుకుని వీధంతా వినపడేలా కేకలు పెట్టింది.

ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఒంటినిండా దూది.

"ఇదిగో. లేవగలవా? ఒక్క వరస సాయం—" అని ఆగిపోయారు. "వద్దులే."

నేను లేవగలను. నిన్నటి నుంచి గది నల్లబడడం లేదు. చేతులకి కూడా పని గుర్తొస్తోంది, దారం లాగుతున్నట్టు వాటంతట అవే కదులుతున్నాయి. వెళితే అందరూ సంతోషిస్తారు. సాయంత్రానికల్లా అన్నీ వెళ్ళిపోతాయి.

"ఈ రోజు రాను," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో నేను కాదన్న మాట ఇదే మొదటిది అనుకుంటాను.

ఆయన తల ఊపారు. వెళ్ళలేదు. లోపలికి వచ్చి పరుపు అంచున కూర్చున్నారు, అమ్మే సరుకు మీద, ఒంటి దూదితో సహా. కాసేపటికి పక్కకి ఒరిగి పడుకున్నారు. ఆయన చెవి నా కళ్ళకి దగ్గరగా ఉంది. ఇన్నాళ్ళూ నేను సరిగా చూడనేలేదు. నిజంగానే బయటికి నిక్కి ఉంది. వేలితో ముట్టుకున్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది.

"ఒరేయ్, ఎక్కడ చచ్చావురా?" పక్క గదిలోంచి అత్తయ్య.

"వస్తున్నా," అన్నారు ఆయన. కదల్లేదు. ఆవిడ మళ్ళీ పిలవలేదు.

పరుపులు రేపు వెళతాయి. మేనేజర్ అరుస్తాడు. అరవనీ.

జూలై 2, మంగళవారం

ఇక రాయను. చెయ్యి నొప్పి పుడుతోంది. నొప్పి తెలుస్తోంది.

ఇది ఎవరికైనా దొరికితే, దయచేసి చదవకండి. చదివేసి ఉంటే పొయ్యిలో పెట్టేయండి. నా గురించి రాసినదాని కోసం కాదు. ఇందులో అత్తయ్య ఏడ్చారని రాశాను. ఆవిడ ఎప్పుడూ ఏడవరు. అది ఈ వీధిలో అందరికీ తెలుసు.